ఫ్రంటోసానా, బ్లూ డాల్ఫినా: ఏది మేలు?

మా చేపల ట్యాంక్ చూసినవాళ్లు మొదట అడిగేది, "ఫ్లవర్‌హార్నా?" అని. నుదుటి మీద బొడిపె కనబడితే చాలు, అందరికీ అదే గుర్తొస్తుంది. కాదు, ఇది ఫ్రంటోసా, ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు చేప. అలాంటి బొడిపెతోనే ఒళ్లంతా నీలంగా ఉండేది బ్లూ డాల్ఫిన్, మలావీ సరస్సుది. రెంటిలో ఏది కొనమంటావని ఈమధ్య ఓ తమ్ముడు అడిగాడు. "సొంతిల్లా, అద్దెయిల్లా?" అన్నాను.

నవ్వాడు గానీ అసలు ప్రశ్న అదే. ఫ్రంటోసా మగది అడుగు దాకా పెరుగుతుంది, పైగా గుంపుగా పెంచాలి. ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పూ ఎత్తూ ఉన్న ట్యాంక్ కావాలి. అంటే దాదాపు 680 లీటర్లు. నీళ్లే ఏడు క్వింటాళ్లకు దగ్గర, ఆపైన అద్దం, రాళ్లు, స్టాండు. ఏడాదికో ఇల్లు మారేవాడు దీన్నెలా మోస్తాడు? డాల్ఫిన్ ఎనిమిది అంగుళాల చేప. ఓ మగదాన్నీ మూడు నాలుగు ఆడవాటినీ ఐదడుగుల ట్యాంక్‌లో సర్దొచ్చు.

ఇక ఓపిక. డాల్ఫిన్ కూడా నెమ్మదే, కానీ ఫ్రంటోసా మరీను. తెచ్చినప్పుడు నా చిటికెన వేలంత ఉన్నాయి. అద్దానికి స్కేలు ఆనించి నెలనెలా కొలిచేవాణ్ణి, ఆర్నెల్లకు విసుగొచ్చి మానేశాను. పెద్ద మగదానికి బొడిపె సరిగ్గా తేలేసరికి నాలుగో ఏడు. అయితే బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతికే చేప ఇది.

తిండి దగ్గర నేనో తప్పు చేశాను. నీళ్లపై తేలే పెల్లెట్లు వేసేవాణ్ణి. ఇది లోతున తిరిగే చేప, సరస్సులో తెల్లవారుజామున మత్తుగా ఉన్న చిన్న చేపల్ని మింగుతుంది. పైకొచ్చి తింటూ గాలి కూడా మింగిందేమో, ఓ చేప రెండు రోజులపాటు తల కిందికి, తోక పైకీ పెట్టి తేలుతూనే ఉంది. అప్పట్నుంచీ మునిగే పెల్లెట్లే. డాల్ఫిన్‌కు ఈ గొడవ తక్కువ. సరస్సులో అది ఇసుక తవ్వే పెద్ద చేపల వెంటపడి, అవి లేపిన దాంట్లో ఏరుకు తింటుంది. అందుకే దాని ట్యాంక్‌లో సన్నని ఇసుక పోయాలి, గులకరాళ్లు వద్దు.

నీళ్ల విషయంలో మాత్రం హైదరాబాద్‌వాళ్లం అదృష్టవంతులం. మెత్తని నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపల్ని పెంచేవాళ్లు తిట్టుకునే బోరు నీళ్ల కాఠిన్యం ఈ రెంటికీ ఇష్టమే. ఎండాకాలంతోనే చిక్కు. ఫ్రంటోసాకు 24–26 డిగ్రీలు చాలు. మే నెలలో చేపల కోసం ఏసీ వేశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

సొంతిల్లు, చల్లని గది, నాలుగేళ్ల ఓపిక ఉంటే ఫ్రంటోసాయే. నాకైతే దాని ముందు ఏ చేపా నచ్చదు. తమ్ముడిది అద్దెయిల్లు కాబట్టి ఐదు డాల్ఫిన్ పిల్లలు ఇప్పించాను. పిల్లలప్పుడు బూడిద రంగే ఉంటుందని ముందే చెప్పాను. అయినా రోజూ ఫోనే: "అన్నా, నీలం ఎప్పుడొస్తది?"