ఈ8400తో పదకొండేళ్లు: 4.0 దాకా వెళ్లాను, 3.6 దగ్గర ఉండిపోయాను

ఇంటెల్ కోర్ 2 డ్యూయో ఈ8400 ప్రాసెసర్ విడుదలైంది 2008 జనవరిలో. ఆ ఏడాది చివర్లో నేను తీసుకున్నాను. పదకొండేళ్లు రోజూ వాడాను, అందులో పదేళ్లకు పైగా అది ఓవర్‌క్లాక్ మీదే, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే పెంచి, నడిచింది. పాత 775 సాకెట్ మెషీన్ ఇంకా దగ్గర ఉంచుకున్నవాళ్లకి, ఓవర్‌క్లాకింగ్ స్వయంగా చేసి చూడాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

చిప్ సంగతి ముందు చెప్తాను. రెండు కోర్లు, రెండింటికీ కలిపి 6 ఎంబీ ఎల్2 క్యాష్, 65 వాట్లు. ఎఫ్‌ఎస్‌బీ (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి వేగం) 333 మెగాహెర్ట్జ్, దాన్ని హెచ్చించే మల్టిప్లయర్ 9, కాబట్టి స్పీడు 3.0 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్‌ను 9 నుంచి తగ్గించుకోవచ్చు కానీ పెంచడానికి వీల్లేదు. స్పీడు కావాలంటే ఎఫ్‌ఎస్‌బీనే పెంచాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఎఫ్‌ఎస్‌బీ పెంచితే ప్రాసెసర్‌తో పాటు నార్త్‌బ్రిడ్జ్ (ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే చిప్), ర్యామ్ కూడా పరిగెత్తాలి. ముగ్గురిలో ఎవరు ఆగిపోయినా మెషీన్ ఆగిపోతుంది. ఎవరు ఆగారో మాత్రం అది చెప్పదు.

400 పెడితే లెక్క చక్కగా కుదురుతుంది. 400ని 9తో హెచ్చిస్తే 3.6. డీడీఆర్2-800 ర్యామ్ కూడా సరిగ్గా 400 దగ్గరే నడుస్తుంది, దాని మీద అదనపు భారం ఉండదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను 100 దగ్గర లాక్ చేసి, వీకోర్‌ను (ప్రాసెసర్ కోర్లకు ఇచ్చే వోల్టేజ్) ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చాను. ఆటోలో వదిలేస్తే మా బోర్డు అవసరానికి మించి వోల్టేజ్ ఇచ్చేది. లోడ్ మీద (ప్రాసెసర్‌కి పని పడినప్పుడు) సీపీయూ-జడ్ అనే టూల్‌లో 1.25 చూపించేలా పెడితే చాలింది. ఒక్క సాయంత్రంలో పని అయిపోయింది.

అక్కడ ఆగితే బాగుండేది. కానీ ఈ చిప్ 4.0 అందుకుంటుందని అందరూ అంటుంటే మనసు ఊరుకోలేదు. 445 పెట్టాను. బూట్ అయింది. మెషీన్ నిలకడను పరీక్షించే ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్ట్ ఎనిమిది గంటలు ఒక్క ఎర్రర్ లేకుండా నడిచింది. ఇక స్టేబుల్ అనుకుని రెండు వారాలు అలాగే వాడాను.

ఒకరోజు పాత ఫొటోల బ్యాకప్ జిప్ ఫైల్ తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా సరిపోలడం లేదని) వచ్చింది. ఫైల్ పాడైందేమోనని గుండె ఆగినంత పనైంది. మళ్లీ ఎక్స్‌ట్రాక్ట్ చేశాను. ఈసారి ఎర్రర్ వేరే ఫొటో దగ్గర వచ్చింది. మూడోసారి ఇంకో ఫొటో. అప్పుడు వెలిగింది: డిస్క్ మీద ఫైల్ పాడై ఉంటే ప్రతిసారీ ఒకేచోట ఎర్రర్ రావాలి. చోటు మారుతోందంటే తప్పు జరుగుతున్నది డిస్క్‌లో కాదు, దారి మధ్యలో, ర్యామ్‌లోనో నార్త్‌బ్రిడ్జ్‌లోనో. బయోస్‌లోకి (బోర్డు సెట్టింగులు ఉండే చోటికి) వెళ్లి 333కి దింపి తెరిస్తే అన్ని ఫొటోలూ క్షేమంగా వచ్చాయి. ఆ రెండు వారాల్లో సేవ్ చేసిన ప్రతి ఫైల్‌నూ కూర్చుని తిరిగి సరిచూసుకున్నాను. ఈ సమీక్షలో ఇంకేం గుర్తుండకపోయినా ఇదొక్కటీ గుర్తుంచుకోండి: బ్లూ స్క్రీన్ వస్తే కనీసం తెలుస్తుంది, ఇలాంటి తప్పు చడీచప్పుడు లేకుండా మీ డేటాను తినేస్తుంది.

స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ ఎందుకు పట్టుకోలేకపోయింది? ఆ టెస్ట్ లెక్కలన్నీ ప్రాసెసర్ క్యాష్‌లోనే సరిపోతాయి, ర్యామ్ జోలికి పెద్దగా పోవు. కోర్లు వేడికి, వోల్టేజ్‌కి తట్టుకుంటాయా లేదా చూడటానికి అది మంచిది. ర్యామ్‌ను కూడా లాగాలంటే ప్రైమ్95లోనే ఉన్న బ్లెండ్ టెస్ట్ నడపాలి. మళ్లీ 445 పెట్టి బ్లెండ్ వేశాను. రెండు గంటల నలభై నిమిషాలకు రెండో వర్కర్ (రెండో కోర్ మీద నడిచే టెస్ట్) ఆగిపోయింది, "రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దాన్ 0.4" అని. మొదటి వర్కర్ ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంది. ఆ మెసేజ్‌లో విషయం ఉంది. ప్రైమ్95 చేసే గుణకారాల జవాబులు పూర్ణాంకాలకు చాలా దగ్గరగా రావాలి. తేడా 0.5 వచ్చిందంటే ఆ జవాబు ఎటు చెందిందో కూడా చెప్పలేం, అంటే చెత్త.

నేను వారం రోజులు వీకోర్ పెంచుకుంటూ పోయాను. అది పొరపాటు. స్మాల్ పాసై బ్లెండ్ ఫెయిలైతే ముందు చూడాల్సింది ర్యామ్, నార్త్‌బ్రిడ్జ్. 445 దగ్గర నా ర్యామ్ 890లో నడుస్తోంది, దాని రేటింగ్ 800. ర్యామ్ టైమింగ్స్ వదులు చేసి (జవాబివ్వడానికి దానికి కాస్త ఎక్కువ సమయం ఇచ్చి), నార్త్‌బ్రిడ్జ్ వోల్టేజ్ ఒక్క మెట్టు పెంచి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడిపాక బ్లెండ్ 24 గంటలు నిలబడింది.

అయినా 4.0ని వదిలేశాను. లోడ్ మీద 1.36 వోల్ట్‌లు నిలవాలంటే బయోస్‌లో 1.40 పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే లోడ్ పడగానే వోల్టేజ్ కొంచెం జారుతుంది. ఈ చిప్‌కి ఇంటెల్ ఇచ్చిన వీఐడీ (చిప్ అడిగే వోల్టేజ్) పరిమితి 1.3625. పైగా ఖర్చయ్యే పవర్ స్పీడుతో పాటు వోల్టేజ్ వర్గం లెక్కన పెరుగుతుంది. స్టాక్‌లో (ఓవర్‌క్లాక్ లేకుండా) నా చిప్ లోడ్ మీద 1.20 తీసుకునేది. ఆ లెక్కన 3.6 దగ్గర పవర్ దాదాపు 1.3 రెట్లు, 4.0 దగ్గర 1.7 రెట్లు. ఫలితం చూస్తే, స్టాక్‌లో గంట పట్టే వీడియో ఎన్‌కోడింగ్ 3.6లో 51 నిమిషాలు, 4.0లో 46. ఆ అయిదు నిమిషాల కోసం ఇంత టెన్షన్ నాకు అనవసరం అనిపించింది.

వేడి విషయం. ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న కూలర్ స్టాక్ స్పీడుకి సరిపోతుంది, ఓవర్‌క్లాక్‌కి మాత్రం టవర్ కూలర్ పెట్టుకోండి. నాకు 3.6 దగ్గర ఫుల్ లోడ్‌లో 58 డిగ్రీలు దాటలేదు. ఐడిల్ (పని లేనప్పటి) రీడింగ్‌ను మాత్రం నమ్మకండి. ఈ 45 నానోమీటర్ చిప్‌లలో సెన్సర్లు కింది వైపు ఇరుక్కుపోవడం మామూలే. నా రెండో కోర్ ఎంత చల్లగా ఉన్నా 43 కంటే కిందికి దిగేది కాదు. ఎక్కువ వేడి దగ్గర చూపించేదే లెక్కలోకి తీసుకోవాలి.

ఏడో ఏడాది 3.6 దగ్గరే బ్లెండ్ ఒకసారి ఫెయిలైంది. చిప్ అరిగిపోయిందని భయపడ్డాను. హీట్‌సింక్ తీసి చూస్తే రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది, థర్మల్ పేస్ట్ ఎండి పొడిలా రాలింది. శుభ్రం చేసి కొత్త పేస్ట్ వేశాక అదే వోల్టేజ్‌తో మళ్లీ రాత్రంతా నిలబడింది. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి దుమ్ము దులిపి, ఒక రాత్రి బ్లెండ్ నడపడం అలవాటు చేసుకున్నాను.

చివరి రెండేళ్లలో స్పీడు కంటే కోర్లు చాలకపోవడమే ఇబ్బంది పెట్టింది. బ్రౌజర్‌లో వీడియో నడుస్తుండగా వెనకాల అప్‌డేట్ మొదలైతే రెండు కోర్లూ నిండిపోయేవి, ఎంత ఓవర్‌క్లాక్ చేసినా ఆ లోటు తీరదు. ఈ చిప్‌కి తెలిసిన ఆదేశాలు ఎస్‌ఎస్‌ఈ4.1 వరకే, కాబట్టి ఎస్‌ఎస్‌ఈ4.2 అడిగే విండోస్ 11 24హెచ్2 దీని మీద బూట్ కూడా కాదు. మెయిన్ మెషీన్‌గా ఇప్పుడు ఎవరికీ చెప్పను. పాత గేమ్‌లకీ, ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవడానికీ అయితే ఇంత ఓర్పున్న చిప్ నేను ఇంకొకటి చూడలేదు. నాది ఇప్పటికీ స్కానర్‌కి తగిలించి ఉంది, 400 ఇంటూ 9, లోడ్ మీద 1.25 వోల్ట్‌లు. ఆ ఫొటోల జిప్ కూడా దాంట్లోనే ఉంది, బ్లెండ్ అయిన ప్రతిసారీ ఒకసారి ఎక్స్‌ట్రాక్ట్ చేసి చూస్తుంటాను.