జాగ్రత్త: విశాఖలో సెయిల్ బోటుకు కొత్త చుక్కాని చేయిస్తున్నారా? మూత పడ్డాక చూస్తే ఏమీ తెలియదు

సెయిల్ బోటు చుక్కాని షాపులో దొరికే సరుకు కాదు. విరిగితే షాఫ్టు ఒకచోట, ఫైబర్ రెక్క ఇంకోచోట చేయించుకోవాల్సిందే. అలా ఊళ్లోనే ఒక షెడ్డులో చేయించి, బిల్లు మీద "316 స్టీలు, ఫోమ్ కోర్, ఎపాక్సీ" (ఉప్పునీటిని తట్టుకునే స్టీలు, లోపల ఫోమ్, గట్టిగా పట్టే రెసిన్) అని రాయించుకున్న చుక్కాని ఒక్క సీజన్ కూడా నిలవలేదు. టిల్లర్ (చుక్కాని తిప్పే చేతికర్ర) తిప్పితే షాఫ్టు తిరుగుతోంది, రెక్క మాత్రం కదలడం లేదు. కోసి చూస్తే బిల్లులో రాసిన మూడింటిలో ఒక్కటీ లోపల లేదు. పైన జెల్‌కోట్ (ఫైబర్ మీది మెరుగు పూత) మాత్రం అద్దంలా ఉంది.

ముందు స్టీలు సంగతి. షాఫ్టుకు వాడింది మేడ మెట్ల రెయిలింగుకు వేసే 202 గ్రేడ్ పైపు. ఇందులో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ. ఉప్పునీటిని తట్టుకునేలా చేసే మాలిబ్డినం 316లో 2 నుంచి 3 శాతం ఉంటుంది, 202లో అది కలపరు. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి. 202, 304, 316 మూడింటికీ అది దాదాపు అంటుకోదు. పైపు అయినందుకు ఇంకో నష్టం: 38 మి.మీ. సైజులో 2 మి.మీ. గోడ ఉన్న పైపుకు, అదే సైజు గట్టి రాడ్డుకు ఉండే వంపు బలంలో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే ఉంటుంది. మందపాటి గోడ పైపుతో మంచి చుక్కానులు చేస్తారు, కాదనను. రెయిలింగు పైపుతో మాత్రం కాదు.

షాఫ్టు నుంచి రెక్కలోకి వెళ్లే ఫ్లాట్లే (స్టీలు పట్టీలే) అసలు బరువు మోస్తాయి. ఇక్కడ వాటిని రెండుచోట్ల చుక్కల్లా వెల్డ్ చేసి వదిలేశారు. ఫ్లాటు పొడవునా రెండువైపులా 316ఎల్ ఫిల్లర్ రాడ్డుతో వెల్డ్ పడాలి. నీరు చేరితే ముందు తినేది ఈ వెల్డునే. స్టెయిన్‌లెస్ మీద రక్షణ పొర నిలబడాలంటే ఆక్సిజన్ కావాలి. తడిసిన ఫోమ్ కింద గాలి ఆడదు, ఉప్పు పేరుకుంటుంది, లోహం గుంటలు పడుతుంది. నీరు దిగే చుక్కానిలో 316 అయినా ఇంతే, కాస్త ఆలస్యమవుతుందంతే.

ఫోమ్ బదులు థర్మోకోల్ పెట్టారు. ఫైబర్‌ను గట్టిపరిచే పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే రసాయనం తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది కాబట్టి దానికి ప్యాకింగ్ టేపు చుట్టి, పైన ఫైబర్ మ్యాట్ వేశారు. టేపుకు ఫైబర్ అంటుకోదు. అంటే లోపల సరుకు ఒకటి, పైతొడుగు వేరొకటి, మధ్యలో నీటికి దారి. ఇలాంటి తెలివికి దండం పెట్టాలి. అడగాల్సింది క్యూబిక్ మీటరుకు 80 కిలోల సాంద్రతకు తగ్గని క్లోజ్డ్ సెల్ (నీరు పీల్చని) పీవీసీ ఫోమ్.

ఎపాక్సీ అని చెప్పి పాలియెస్టర్ వాడుతున్నారేమో పక్కన నిలబడితే తెలిసిపోతుంది. మగ్గులో రెసిన్ పోసి, ఒకటి రెండు శాతం కెటలిస్టు చుక్కలు వేసి కలిపితే అది పాలియెస్టర్, ముక్కు పగిలే వాసన కూడా వస్తుంది. ఎపాక్సీ హార్డెనర్ కంపెనీని బట్టి రెండుకు ఒకటి, అయిదుకు ఒకటి వంటి కొలతల్లో పడుతుంది. కొత్త రెక్క మొత్తం ఐసోఫ్తాలిక్ (మేలురకం పాలియెస్టర్) లేదా వినైల్ ఎస్టర్ రెసిన్‌తో చేస్తే తప్పేం లేదు, జనరల్ పర్పస్ రెసిన్ మాత్రం వద్దు. పాత ఫైబర్ మీద అతుకు వేయాలంటే ఎపాక్సీయే గట్టిగా పట్టుకుంటుంది. మందానికి 12 రెట్లు చుట్టూ ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. 4 మి.మీ. చర్మమైతే దాదాపు 50 మి.మీ. మన ఉక్కపోతలో ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. నీటితో కడిగి, రుద్ది, ఆ తర్వాతే రెండో పొర వేయాలి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. మొదటి విడత, రాడ్డు నుంచి, ఫ్లాటు నుంచి కోసిన ముక్కలకు మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో పీఎంఐ పరీక్ష (లోహం ఏ గ్రేడో తేల్చే పరీక్ష) చేయించాక. రెండోది, వెల్డింగ్ పూర్తయిన ఫ్రేము ఫోమ్ పెట్టక ముందు బల్ల మీద మీ కళ్లతో చూశాక. మిగతాది రెక్క తూకం వేసి, ఆ అంకె రాసుకున్నాక (తర్వాత బరువు పెరిగితే నీరు దిగినట్టు). "పని అయ్యాక రండి సార్, ఫొటో పంపుతాం" అంటే అక్కడే ఆపేయండి.

పాత చుక్కాని పారేయనివ్వకండి. దాని ఆకారం, షాఫ్టు ఎక్కడుందో ప్లైవుడ్ మీద గీసి ఉంచుకోండి. షాఫ్టుకు ముందున్న రెక్క భాగం కొంచెం అటూఇటూ అయినా టిల్లర్ బరువెక్కుతుంది, లేదా చేతిలో నిలవదు. షాఫ్టు తిరిగేచోట ఉండే బుష్‌లు డెల్రిన్ ప్లాస్టిక్‌వే వేయించండి. నైలాన్ నీరు పీల్చి ఉబ్బి షాఫ్టును బిగించేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. ఫైబర్ పనివాళ్లకు మరమ్మతుకొచ్చే ఫిషింగ్ హార్బర్ బోట్లతోనే ఊపిరి సలపదు. ఆ రెండు నెలల్లో తొందరపెడితే తొందర పనే వస్తుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లు బోటు ఒడ్డున ఉండగా టిల్లర్‌ను మధ్యలో కట్టేసి, రెక్క వెనక అంచును చేత్తో అటూఇటూ నెట్టండి. షాఫ్టు కదలకుండా రెక్క కదిలితే వెల్డు పోయినట్టే, ఆ చుక్కానితో సముద్రంలోకి వెళ్లొద్దు. కదలకపోతే ప్లాస్టిక్ సుత్తితో అంతటా తట్టండి, బోలు శబ్దం వచ్చినచోట గుర్తు పెట్టండి. కింది అంచున 6 మి.మీ. రంధ్రం వేసి చూడండి. నీరు కారితే అతుకు లీకు, తుప్పు రంగులో కారితే లోపల స్టీలు తినేస్తోంది. పొడిగా ఉంటే చిక్కటి ఎపాక్సీతో రంధ్రం మూసి, షాఫ్టు రెక్కలోకి దిగేచోట చుట్టూ 10 మి.మీ. లోతు గాడి తీసి సికాఫ్లెక్స్ 291 సీలెంట్ నింపండి. నీరు ముందుగా దిగేది అక్కడి నుంచే.