నా పాత కార్ల పిచ్చి పిల్లలకి అంటించాలని

నాలుగు రోజుల టూర్. జర్మనీలో స్టుట్‌గార్ట్, లాడెన్‌బర్గ్, ఆ తర్వాత సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో ములూజ్. పాపకి పదకొండేళ్ళు, బాబుకి ఆరు. ఏ ఊరు వాళ్ళకి నచ్చుతుందో నేను ముందే లెక్క వేసుకున్నాను. ఒక్కటీ నిజం కాలేదు.

మొదటిది స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం. లిఫ్ట్‌లో నేరుగా పై అంతస్తుకి వెళ్ళి, చుట్టూ తిరుగుతూ కిందికి దిగాలి. ఎక్కే పని లేదు కాబట్టి చిన్నపిల్లలతో హాయి. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ఎదురుగా కారు లేదు, తెల్ల గుర్రం బొమ్మ ఉంది. "నాన్నా, వేరే ఫ్లోర్‌లో దిగినట్టున్నాం" అన్నాడు బాబు. 1886 నాటి మూడు చక్రాల బెంజ్ చూపిస్తే, "ఇది సైకిల్ కదా" అన్నాడు. అక్కడున్న వాహనాలు దాదాపు 160. సగం దాటేసరికి వాడు నేల మీద కూలబడ్డాడు. అన్నీ చూపించాలన్న ఆశ నాదే, తప్పూ నాదే. ఏ నాలుగు కార్ల ముందు ఆగాలో ముందే అనుకుని వెళ్ళండి. అన్నట్టు, సోమవారం సెలవు.

ఆ రాత్రి బోబ్లింగెన్‌లో, పాత విమానాశ్రయం స్థలంలో ఉన్న మోటార్‌వరల్డ్ అనే కార్ల కేంద్రంలో గది తీసుకున్నాం. కారు బాడీనే మంచంగా మార్చిన గదులు అక్కడ ఉన్నాయి. నాకు కాస్త ఎక్కువే అనిపించింది గానీ పిల్లలు అసలు నిద్రపోలేదు. పొద్దున్నే గాజు పెట్టెల్లో దాచుకున్న ఎవరెవరివో పాత కార్లు ఊరికే తిరిగి చూడొచ్చు. మ్యూజియం కన్నా వాళ్ళకి అదే నచ్చింది.

రెండో రోజు లాడెన్‌బర్గ్ దారిలో వీస్లోక్‌లో ఆగాం. ఇక్కడే టూర్ మలుపు తిరిగింది. 1888 ఆగస్టులో, ఆ మూడు చక్రాల బండి తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా, ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి కారులో వెళ్ళింది. దాదాపు వంద కిలోమీటర్లు. ఇంధనం అయిపోతే ఈ వీస్లోక్‌లోనే ఒక మందుల షాపులో లిగ్రోయిన్ అనే పెట్రోలు లాంటి ద్రవం కొంది. గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఎత్తు రోడ్డు వస్తే పిల్లలు దిగి తోశారు. ఆ షాపు ముందు నిలబడి ఇదంతా చెబుతుంటే పాప ఫోన్ పక్కన పెట్టేసింది. "ఆ అబ్బాయిలకి ఎంత వయసు?" అంది. టీనేజ్‌కి అటూఇటూ అన్నాను. బాబుది ఒకటే ప్రశ్న: "వాళ్ళ నాన్న తిట్టాడా?"

లాడెన్‌బర్గ్‌లో బెంజ్ కుటుంబం పాత ఫ్యాక్టరీలోనే కార్ల్ బెంజ్ మ్యూజియం ఉంది. చిన్నది, హడావుడి లేదు. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళాలి. కథ తెలిశాక వెళ్ళడంతో పిల్లలే నాకు కార్లు చూపించారు.

మూడో రాత్రి బస గురించి ఎక్కువ చెప్పను. ఫ్యామిలీ రూమ్ అని బుక్ చేస్తే ఇద్దరు పట్టే గది ఇచ్చారు, అదనపు పరుపు కోసం రాత్రి పదకొండు దాకా రిసెప్షన్ చుట్టూ తిరిగాం. పరుపు సంగతి ముందే మెయిల్‌లో రాయించుకోండి.

నేను అన్నిటికన్నా ఎక్కువ ఆశపడింది ములూజ్ మీద. అక్కడి మ్యూజియంలో ఉన్నవి బట్టల మిల్లుల యజమానులైన ష్లుంఫ్ సోదరులు రహస్యంగా పోగేసిన కార్లు. 1977లో కార్మికులు ఆక్రమించాక గానీ లోకానికి తెలియలేదు. నాలుగు వందలకు పైగా ఉన్నాయి. లోకంలో ఆరే మిగిలిన, బుగాటి కంపెనీ వారి భారీ విలాస కారు రొయాల్‌లో రెండు ఇక్కడున్నాయి. వాటి ముందు నేను కదల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలు లేరు. హాలు నిండా ఉన్న వీధి దీపాల స్తంభాలు లెక్కపెడుతున్నారు. చివరికి బుగాటి బేబీ నన్ను కాపాడింది. ఆ కంపెనీ పెట్టిన ఎత్తోరె బుగాటి తన చిన్న కొడుకు కోసం రేసు కారుని సగం సైజులో, కరెంటు మోటారుతో చేయించిన బండి. బాబు దాని దగ్గర్నుంచి రానన్నాడు.

ఇంకోసారి వెళితే వీస్లోక్, లాడెన్‌బర్గ్ ముందు పెట్టి, స్టుట్‌గార్ట్ ఆ తర్వాత చూస్తాను. ములూజ్‌కి నేనొక్కణ్ణే.

తిరుగు ప్రయాణంలో అద్దె కారు స్టార్ట్ చేస్తుంటే పాప వెనక సీట్లోంచి తల పిన్ను తీసి ఇచ్చింది. "ఉంచు నాన్నా, దారిలో పనికొస్తుంది."