ఆర్కే బీచ్ కురుసుర సబ్‌మెరైన్: పిల్లల చేత దీపం పెట్టించే ముందు చూపించాల్సిన చోటు

వైజాగ్‌లో పెరిగే పిల్లలకు నేవీ డే అంటే హెలికాప్టర్లు, పారాచూట్లు, సముద్రం మీద లైట్లు వెలిగిన ఓడలు. అది ఎందుకు జరుపుతారో మా అపార్ట్‌మెంట్ పిల్లల్లో ఒక్కరికీ తెలియదని ఈసారే నాకు తెలిసింది. రెండో అంతస్తులో ఉండే తాతగారు నేవీలో చేసి రిటైరయ్యారు. డిసెంబరు 9న, 1971 యుద్ధంలో మునిగిన ఓడ ఖుక్రీలో పోయినవాళ్ల కోసం పిల్లల చేత దీపాలు పెట్టిద్దామన్నారు. పిల్లలను తయారుచేసే పని నాకు అప్పగించారు. మొత్తం 11 మంది, ఏడేళ్ల వాళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల దాకా.

మొదటి రోజు సెల్లార్‌లో కూర్చోబెట్టి చెప్పాను. 1971 యుద్ధంలో డయ్యూ దగ్గర మన ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదిలి రాలేదు. పిల్లలు జీకే పాఠం విన్నట్టు విన్నారు. చివర్లో ఒక పాప మాత్రం అడిగింది: "ఆంటీ, సబ్‌మెరైన్‌కి కిటికీలు ఉండవు కదా, పైన ఓడ ఉందని లోపలివాళ్లకి ఎలా తెలుస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ ఆదివారం అందరినీ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసురకి తీసుకెళ్లాను.

ఇన్నేళ్లుగా దాని పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. లోపలికి వెళ్లింది మాత్రం ఒక్కసారే, అదీ పెళ్లయిన కొత్తలో చుట్టాలతో. పిల్లలతో చూస్తే అది వేరే చోటులా అనిపించింది. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు సబ్‌మెరైన్ ఇది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ కూడా తిరిగింది. పొడవు 91 మీటర్లు. బయటినుంచి చూస్తే ఎంతో పెద్దదనిపిస్తుంది. లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులోంచి దూరాలి. పిల్లలు ఇట్టే దూరిపోయారు, నేను మోకాలు ఎత్తి, తల వంచి, కష్టపడి వెళ్లాను.

ఇక్కడ అసలు విలువ గైడ్లది. వాళ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. మాకు దొరికిన ఆయన మా పాప ప్రశ్న వినగానే, నీళ్లలో చప్పుళ్లు పట్టే సోనార్ దగ్గర అందరినీ ఆపారు. "కళ్లు మూసుకోండి నాన్నా. ఇప్పుడు ఏం వినబడుతోంది?" అన్నారు. ముందు గదిలో ఎవరో నడుస్తున్న చప్పుడు వినబడింది. "అంతే. మేమూ అలాగే వినేవాళ్లం. ఓడ ఫ్యాను నీళ్లలో తిరిగే చప్పుడు." నీళ్ల మీద ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు ఛార్జ్ చేసుకుని, మునిగాక ఆ బ్యాటరీల మీదే నడుస్తారట. అందుకే చప్పుడు తక్కువ. ముందువైపు టార్పెడో గొట్టాలు ఆరున్నాయి. ఆ గదిలోనే, టార్పెడోల పక్కనే కొందరు పడుకునేవాళ్లని చెప్పారు. మా చిన్నోడు ఆ బెర్త్‌ని జానలతో కొలిచి, "మా నాన్న పట్టడు" అన్నాడు. సుమారు 75 మంది ఇందులోనే రోజుల తరబడి ఉండేవాళ్లని విన్నాక పిల్లలు నెమ్మదిగా మాట్లాడటం మొదలెట్టారు. నేను ష్ అనలేదు.

బయటికి వచ్చాక అందరిలో పెద్దమ్మాయి గైడ్ గారిని అడిగింది, అదే యుద్ధంలో మన వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీలో ఉన్నవాళ్లు కూడా ఇలాగే పడుకునేవారా అని. ఆయన కాసేపు ఆగి, "వాళ్లూ ఇలాగేనమ్మా" అన్నారు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. ఐదేళ్లలోపు పిల్లలను, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఆ గుండ్రటి తలుపుల్లోంచి దాటించడం కష్టం. పెద్ద గుంపుగా వెళ్తే వెనకున్నవాళ్లకు గైడ్ మాట వినబడదు. పది, పన్నెండు మంది చాలు. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్ని ఇంకో రోజుకి పెట్టుకోండి. రెండూ ఒకే సాయంత్రం చూపిస్తే పిల్లలకు దేన్నీ తలుచుకునే తీరిక ఉండదు. వీలైతే పక్కనే ఉన్న 1971 యుద్ధ స్మారకం, 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర రెండు నిమిషాలు నిలబెట్టండి.

డిసెంబరు 9 సాయంత్రం బీచ్‌లో గాలికి ఆగవని సెల్లార్‌లోనే 194 ప్రమిదలు పెట్టాం. వత్తులన్నీ పిల్లలే చేశారు, నాలుగు సాయంత్రాలు పట్టింది. మూడో రోజు ఒక బాబు "ఇంకా అవలేదా?" అన్నాడు. పెద్దమ్మాయి వాడి చేతిలో దూది పెట్టి, "నూట పన్నెండు అయ్యాయి. ఇంకా ఎనభై రెండు మంది ఉన్నారు" అంది. వత్తులని అనలేదు, మంది అంది.

ఆ రోజు అద్దెకు తెచ్చిన సౌండ్ బాక్స్ సమయానికి మొరాయించింది, బ్యూగుల్ పాట రాలేదు. తాతగారు చేయెత్తగానే పిల్లలు వాళ్లంతట వాళ్లే మౌనంగా నిలబడ్డారు. మా ఏడేళ్లవాడు కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, సోనార్ దగ్గర విన్నట్టే వింటున్నాడు.

వచ్చే ఏడాది 93 ప్రమిదలు ఎక్కువ కొనమని పెద్దమ్మాయి ఇప్పుడే చెప్పి పెట్టింది. ఘాజీలో పోయినవాళ్ల లెక్క అది. తాతగారిని అడిగాను. కొనమన్నారు.