షీఆన్: పేరు చూపించిన దారిలో మూడు రోజులు

మన పత్రికల్లో 'జియాన్'గా కనిపించే చైనా నగరం పేరును అక్కడివారు 'షీ', 'ఆన్' అని రెండుగా విడదీసి పలుకుతారు. షీ అంటే పడమర, ఆన్ అంటే శాంతి. మేము దిగిన వసతిగృహం యజమానురాలు బిల్లు వెనుక ఆ రెండో అక్షరాన్ని రాసి, దాని పైభాగం ఇంటికప్పు అనీ, కప్పు కింద ఉన్నది స్త్రీ అనీ వేలితో చూపించారు.

తాంగ్ వంశీయులు ఏలిన కాలంలో ఈ రాజధాని పేరు చాంగ్‌ఆన్, అంటే చిరశాంతి. 1369లో, నాన్‌జింగ్ నుంచి ఏలిన మింగ్ పాలకులు, తమకు పడమట ఉన్న ఈ ఊరికి షీఆన్ అని పేరు పెట్టారు. పాత పేరు చెరిగిపోలేదు. దక్షిణాన ఒక జిల్లాను నేటికీ చాంగ్‌ఆన్ అనే అంటారు.

మింగ్ కాలపు కోటగోడ చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. దానిపై అద్దె సైకిలు తొక్కవచ్చు గాని, ఇటుకల ఎగుడుదిగుళ్లకు నడుము పట్టేస్తుంది కాబట్టి, పెద్దవారు దక్షిణాన ఉన్న యోంగ్‌నింగ్ ద్వారం దగ్గర ఎక్కి, సాయంత్రపు ఎండలో కొంతదూరం నడిచి రావడమే మేలు. ఆ ద్వారం పేరుకు శాశ్వత ప్రశాంతి అని అర్థం. తూర్పు ద్వారం చాంగ్‌లె అంటే చిరానందం.

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిచింది 652లో కట్టిన పెద్ద అడవిబాతు గోపురం ముందు. మన ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చి వెళ్లిన చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, భారతదేశం నుంచి తీసుకెళ్లిన గ్రంథాలను భద్రపరచడానికి దానిని కట్టించాడు. మగధలో ఆయన విన్న, భిక్షువుల కోసం ప్రాణమిచ్చిన బాతు కథ నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. అమరావతి శిథిలాల మధ్య తిరిగినవారికి ఆ ఆవరణ పరాయిచోటుగా అనిపించదు.

బసకు కోటగోడ లోపలి భాగమే మంచిది. రైల్వేస్టేషను దగ్గర ముందుగా డబ్బు కట్టిన ఒక హోటలువారు, విదేశీయులను చేర్చుకోమని రాత్రి పదింటికి గుమ్మంలోనే చెప్పడంతో, సామాను మోసుకుంటూ వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. అందుచేత బయలుదేరే ముందే అడిగి నిర్ధారించుకోవాలి. శాకాహారులకు మిరపనూనె, వెనిగర్ పట్టించిన లియాంగ్‌పి అనే చల్లని పిండిపట్టీలు చాలా బాగుంటాయి. మాంసం వద్దని ముందే చెప్పాలి.

మెట్రో సౌకర్యంగా ఉంది. చివరి రోజు రెండో లైనులో వెళ్తూ ఒక స్టేషను బోర్డు మీద, ఎవరూ చెప్పకుండానే, కప్పు కింద స్త్రీని గుర్తుపట్టాను. అది ఉత్తర ద్వారం ఆన్‌యువాన్ పేరుతో ఉన్న స్టేషను.