ఆరోగ్య సంజీవని పాలసీ: రేషన్ కార్డూ ఈఎస్ఐ రెండూ లేనివాళ్లకు ఏ మేరకు అక్కరకొస్తుంది?

హైదరాబాద్‌లో నెలకు 22 వేలు తెచ్చుకునే ఉద్యోగికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) రాదు, దాని జీతం పరిమితి 21 వేలు. ఏడాదికి లెక్కేస్తే 2 లక్షల 64 వేలు. తెలంగాణ పట్టణాల్లో రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి 2 లక్షలే కాబట్టి అదీ రాదు. ఆరోగ్యశ్రీకి మొదటి నుంచీ ఆ కార్డే ఆధారం. నలుగురితో నడిచే కిరాణా కొట్టు, మెకానిక్ షెడ్డు అయితే ఈఎస్ఐ తప్పనిసరే కాదు. ఇలా అటూ ఇటూ కాకుండా మిగిలిపోయినవాళ్లు దేశ జనాభాలో కనీసం 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021 అక్టోబర్‌లో తేల్చింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో బీమా ఉన్న కుటుంబాలు దేశం మొత్తమ్మీద 41 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం. ఇంట్లో ఒక్కరికి బీమా ఉన్నా ఆ కుటుంబం ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. మిగతావాళ్ల సంగతి ఆ అంకె చెప్పదు.

ఈ మధ్యలోవాళ్లు ముందుగా చూడాల్సింది ఆరోగ్య సంజీవని అనే ఆరోగ్య బీమా పాలసీ. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆరోగ్య బీమా కంపెనీలన్నీ దీన్ని ఒకే షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. షరతులు ఒకటే కాబట్టి పోల్చాల్సినవి ప్రీమియం, మీ ఊళ్లో క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా కట్టడం) ఇచ్చే ఆస్పత్రుల జాబితా, క్లెయిములు తీర్చే తీరు. వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు.

జనం దెబ్బ తినేది గది అద్దె దగ్గర. రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, ఎంత పెద్ద పాలసీ అయినా 5 వేలు దాటదు. 5 లక్షల పాలసీ ఉన్నవారు 10 వేల గదిలో నాలుగు రోజులున్నారనుకోండి. గదికి 40 వేలు, సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్ కలిపి లక్షా 20 వేలు, మందులూ పరీక్షలూ 60 వేలు. గది అద్దెలో సగానికే (10 వేలకు 5 వేలు) పాలసీ వర్తిస్తుంది కనుక సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చులోనూ సగమే ఇస్తారు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లకు ఈ కోత లేదు. చివరికి 5 శాతం కో-పే (మీరు భరించాల్సిన వాటా) పోగా చేతికొచ్చేది లక్షా 33 వేలు, జేబులోంచి పోయేది 87 వేలు. అదే 5 వేల గది తీసుకుంటే, మిగతా ఖర్చులు అంతే ఉన్నా, పోయేది 10 వేలే. అడ్మిషన్ కౌంటర్‌లో సంతకం పెట్టేముందే గది రేటు అడగాలి. లక్ష, రెండు లక్షల పాలసీలైతే అద్దె పరిమితి 2 వేలు, 4 వేలు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఆ రేటుకు గది దొరకడం కష్టం. అందుకే 5 లక్షలకు తక్కువ తీసుకోవద్దని గట్టిగా చెబుతాం.

కాటరాక్ట్‌కు కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40 వేలు, ఏది తక్కువైతే అది. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ ఇవ్వరు. హెర్నియా, పైల్స్, గర్భసంచి తొలగింపు వంటివాటికి రెండేళ్లు ఆగాలి. ప్రసవం ఖర్చు, ఓపీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) అసలు లేవు. ప్రతినెలా షుగర్ మాత్రలు కొనుక్కునే ఇంటికి ఇది పెద్ద లోటే.

షుగర్, బీపీ ఉంటే ప్రపోజల్ ఫారంలో (పాలసీ దరఖాస్తులో) రాసి తీరాలి. ఏజెంట్ వద్దన్నా రాయండి. రాస్తే ఆ జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ, అంతే. దాస్తే గుండె ఆపరేషన్ నాటికి పాత ప్రిస్క్రిప్షన్ బయటపడి క్లెయిమ్ మొత్తం పోతుంది. ఐదేళ్లు విరామం లేకుండా కట్టాక మాత్రం, మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో తిరస్కరించకూడదు.

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 24 గంటల్లోపు కంపెనీకి తెలపాలి. క్యాష్‌లెస్ అనుమతిపై గంటలో, డిశ్చార్జ్ బిల్లుపై మూడు గంటల్లో తేల్చాలని 2024 మే నుంచి నిబంధన ఉంది. డబ్బు ముందు మీరే కట్టుకుంటే డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లో కాగితాలన్నీ ఇవ్వాలి. క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకున్నా, వచ్చినది న్యాయంగా లేకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.