బొబ్బిలిలో గిరి గారి జాడ వెతుక్కుంటూ

బొబ్బిలి అనగానే అందరికీ 1757 యుద్ధమే గుర్తొస్తుంది. నేను మాత్రం 1937 ఎన్నిక కోసం వెళ్లాను. మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావును సొంత గడ్డ మీదే ఓడించిన లాయరు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం.

బస విజయనగరంలో పెట్టుకుంటే మేలు, అక్కడ లాడ్జీలు ఎక్కువ. మాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లు పొద్దున్న కాసేపే వచ్చాయి. బొబ్బిలికి బస్సులు బాగానే ఉంటాయి, అయినా నాకు రైలే నచ్చింది. ఆ లైను ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ కార్మికులను సంఘంగా నిలబెట్టిన వాళ్లలో గిరి గారు ముఖ్యులు. బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, ఐరిష్ ఉద్యమకారులతో తిరిగినందుకు 1916లో అక్కడి నుంచి వచ్చేయాల్సి వచ్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో ప్రాక్టీసే వదిలేశారు.

పాత కోట యుద్ధంలోనే పోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. రాజకుటుంబానిది కాబట్టి లోపలికి వెళ్లనిస్తారో లేదో ముందే కనుక్కోండి. యుద్ధ స్మారక స్తంభం తప్పక చూడాలి. ఎన్నిక గురించి మాత్రం మేం తిరిగిన చోట ఒక్క బోర్డూ కనబడలేదు, బాధేసింది. అప్పట్లో ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలుంటేనే. శిస్తు కట్టించుకునే జమీందారును కాదని, ఆయన కోట నీడలోనే జనం కాంగ్రెస్‌కు ఓటేశారంటే ఎంత ధైర్యం కావాలి! గిరి గారు ఆ తర్వాత రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

దగ్గర్లోని గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. చిన్న బొమ్మవీణలు కూడా దొరుకుతాయి, ఇంటికి తెచ్చుకోవచ్చు.

టైముంటే అదే లైన్లో పార్వతీపురం దాకా వెళ్లండి. ఒకటి గిరిజనులకు రిజర్వు, ఒకటి జనరల్, ఇలా రెండు సీట్లున్న ఆ లోక్‌సభ నియోజకవర్గంలో 1957లో గిరి గారు ఓడిపోయారు. జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థికే దక్కింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1959లో తీర్పు గిరిజన అభ్యర్థి వైపే వచ్చింది. గిరి గారి మీద ఎంత అభిమానమున్నా, ఆ తీర్పే న్యాయమని నా నమ్మకం. తిరుగు రైలు టైము మాత్రం ముందే చూసుకోండి, సాయంత్రం బళ్లు తక్కువ.